వెలయు విలువయు: ఇంటి యంత్రములు కొనువారికి



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు వ్యాకరణము చెప్పి విరమించినవాడు టీవీలనుగూర్చియు, స్పీకర్లనుగూర్చియు ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని చింతలపూడివంటి ఊరిలో ఉపాధ్యాయునకు విశ్రాంతి యనగా ఇరుగుపొరుగువారి కొనుగోళ్లకు తోడుపోవుటయే. ఏలూరికో, తాడేపల్లిగూడెమునకో బయలుదేరు ప్రతి కుటుంబమును "మాస్టారూ, చవకది తెచ్చుకొందుమా, మంచిది తెచ్చుకొందుమా?" అని యడుగును. ఈ ప్రశ్నలోనే యొక దోషము గలదు. చవకతనమును మంచితనమును పరస్పర విరుద్ధములని అడుగువారు ముందే నిర్ణయించుకొన్నారు. ఆ రెండును ఒకే వస్తువునం దుండవచ్చును. రెండును లేని వస్తువులును అంగళ్లలో కావలసినన్ని యున్నవి.

కావున ప్రశ్నను మార్చి అడుగుదము. ఈ యంత్రమువలన మనము కోరు ఫలమునకు హద్దు ఎక్కడ నున్నది? హద్దు యంత్రమునకు వెలుపల నున్నయెడల, లోపల ఎంత ధనము పోసినను అది మనకు చేరదు. హద్దు యంత్రములోపలనే యున్నయెడల, అందును ప్రాణభయము గలచోట, చవకను నమ్మరాదు. దీనిని కొన్ని యుదాహరణములతో విశదపరచెదను.

మనకు చిరపరిచితమైన రేడియోను తీసికొందము. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16వ తేదీన ప్రసారముల నారంభించినది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన. ఆనాటి రేడియో వాల్వులతో కూడిన చెక్కపెట్టె. ఇంటిపై ఏరియలు తీగ కట్టవలయును. ఏటేట తపాలా కార్యాలయమున లైసెన్సు రుసుము చెల్లింపవలయును. కరెంటు లేని పల్లెయందు బరువైన బ్యాటరీ యుండవలయును. అందుచేత రేడియో మునసబుగారి యింటనో, పంచాయతీ కచ్చేరిలోనో యుండెను గాని కాపు యింట లేకుండెను. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు ట్రాన్సిస్టరు కనిపెట్టబడెను. 1954లో అక్కడ అంగడికి వచ్చిన చేతి రేడియో వెల సుమారు 50 డాలర్లు. పిదప కొలది యేండ్లలోనే ఆ జాతి రేడియోలు లోకమంతట చవకపడి, మన కొల్లేటి లంకలలోని జాలరి దోనెలో సహితము చేరినవి.

ఆ చిన్న డబ్బానుండి వచ్చు ధ్వని చెక్కపెట్టె ధ్వనివలె గంభీరము కాదు. సంగీతరసికులు దానిని "తగరపు గొంతు" అని యీసడించిరి. అది నిజమే. అయినను వాయుగుండము వచ్చుచున్నదను వార్త రెంటిలోను ఒకే క్షణమున వినబడెను. వాయుగుండము ఎదుట నున్నప్పుడు లంకవానికి కావలసినది ఆ వార్త, మంద్రస్థాయి కాదు.

ఇక సంగీతమునుగూర్చియే విచారింతము. మధ్యతరంగములపై ప్రసారము చేయు కేంద్రములకు మన దేశమున 9 కిలోహెర్ట్జ్‌ల యెడముతో స్థానములు కేటాయింపబడినవి. ఒక కేంద్రము మరియొకదానిపై పడకుండుటకై ధ్వనిలో సెకనుకు సుమారు అయిదువేల కంపనములకు మించిన భాగము తగ్గింపబడును. ఎఫ్.ఎం. ప్రసారమున పదునైదువేలవరకు వచ్చును. అనగా మధ్యతరంగములలో తంబురా జీరయు, తాళముల గలగలయు ప్రసారకేంద్రమునొద్దనే చాలవరకు నిలిచిపోవుచున్నవి. చెరువు తూములో పట్టినంత నీరే పొలమునకు దిగును గదా! పొలములో బోదెను రెండు గజముల వెడల్పు త్రవ్వినను నీరు హెచ్చదు. మధ్యతరంగ ప్రసారము వినుటకు లక్ష రూపాయల పరికరము కొనువాడు అట్టి బోదె త్రవ్వుచున్నాడు.

రెండవ తూము మన చెవియే. పడుచువాని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనములవరకు గ్రహించునందురు. వయస్సుతో పై హద్దు క్రమముగా దిగును. నా యీడువారికి పదివేలు, పండ్రెండువేలు దాటిన ధ్వనులు చాలవరకు లేనట్లే. 1982లో వచ్చిన సీడీ పళ్లెమునందు ధ్వనిని సెకనుకు 44,100 సారులు కొలిచి వ్రాసిరి. మనుష్యుని చెవికి అందు సమస్తమును అందిమ్డుటకు అది చాలును. ఆ లెక్కను తిరిగి ధ్వనిగా మార్చు చిప్పు నేడు మిక్కిలి అల్పమూల్యమునకు లభించుచున్నది. అట్లయ్యును అరువదియేండ్ల పెద్దలు అంతకు రెండింతలు, నాలుగింతలు సూక్ష్మత గల పరికరములకై వేలకు వేలు పోయుట నేను చూచితిని. వారి యానందమును కాదనను. ఆ యానందము చెవిలో కలుగుచున్నదా, బిల్లు చదువునపుడు కలుగుచున్నదా యని మాత్రము సందేహింతును.

సందేహ నివృత్తికి మన తార్కికులు చెప్పిన అన్వయ వ్యతిరేకములే చాలును. అది యున్నప్పుడు ఫలముండుటయు, లేనప్పుడు ఫలము లేకుండుటయు చూడవలయును. రెండు స్పీకర్లను తెరవెనుక నుంచి, ఏది మ్రోగుచున్నదో తెలుపక, ఒకే పాటను పదిమారులు వినిపింపుడు. సరిగా చెప్పగలిగినవాడు అధికధనము పెట్టవచ్చును. ఇచ్చట ఒక మెలకువ వలయును. రెంటి బిగ్గరతనమును సమముగా నుంచవలయును. ఏలయన కొంచెము బిగ్గరగా మ్రోగునదే చెవికి మేలైనదిగా తోచును. ఈ సంగతి అమ్మువానికి మనకంటె బాగుగా తెలియును. ఖరీదైనదానిని వినిపించునపుడు అతని వ్రేలు మీటమీదనే యుండును.

స్పీకర్లకు మాత్రము పూర్తిగా ఈ న్యాయము వర్తింపదు. ధ్వని మార్గమున నిజమైన భేదము కలిగించునవి స్పీకరును, అది మ్రోగు గదియును. మిక్కిలి చిన్న స్పీకరు మృదంగపు తొప్పిధ్వనిని పుట్టింపజాలదు, అది భౌతికధర్మము. కావున ధ్వనికై కొంత వెచ్చింపదలచినచో ఆ ధనమును స్పీకరుపై పెట్టుడు, పిదప గదిని చూచుకొనుడు. నేటి యిండ్లలో నేల టైల్సు, గోడలు సిమెంటు. ధ్వని వానికి తగిలి తగిలి మాట మాటలో కలిసిపోవును. మన ఏలూరు తివాచీ యొకటి నేలపై పరచి, కిటికీకి దళసరి తెర వ్రేలాడగట్టినచో కలుగు గుణము, పాతిక వేల యాంప్లిఫయరు మార్చినను కలుగదు. తివాచీ కూర్చుండుటకును పనికివచ్చును.

డబ్బాలపై వ్రాయు వాట్లనుగూర్చియు ఒక మాట. "5000 వాట్లు, పి.ఎం.పి.ఓ." అని పెద్ద యక్షరములతో అచ్చువేసిన స్పీకర్లను మనమందరము చూచితిమి. మన గోడలోని చిన్న సాకెట్టు 6 యాంపియర్లది, వోల్టులు 230. రెంటిని హెచ్చించినచో 1380 వాట్లు వచ్చును. గోడలోనుండి 1380 వాట్లకు మించి రానిచోట డబ్బా 5000 వాట్ల నెట్లు నిలుకడగా మ్రోగించును? ఐదవ తరగతి బాలుడు వేయగల గుణకారమిది. అంగడిలో నిలిచినప్పుడు పెద్దలు దీనిని మరచుచున్నారు. డబ్బాపై "ఆర్.ఎం.ఎస్." అని యున్న యంకెను మాత్రమే లెక్కకు తీసికొనుడు.

ఇప్పుడు టీవీ. కుటుంబములు అప్పు చేసి కొను యంత్రములలో ఇది ముఖ్యము గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. 43 అంగుళముల టీవీ యనగా కర్ణపు కొలత. దాని వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్.డి. తెరలో అడ్డముగా 1920 చుక్కలు గలవు. భాగించినచో ఒక్కొక్క చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆరోగ్యవంతమైన కన్ను విడదీసి చూడగల కనిష్ఠ కోణము ఒక డిగ్రీలో అరువదవ వంతు. పది యడుగుల దూరమున ఆ కోణము సుమారు 0.9 మిల్లీమీటరునకు సమము. అనగా పది యడుగుల దూరమున కూర్చున్నవానికి అర మిల్లీమీటరు చుక్కయే వేరుగా కనబడదు. "4కే" అను తెరలో ఆ చుక్క నాలుగు ముక్కలగును. కనబడని దానిని నాలుగు ముక్కలు చేసినందుకు మనవద్ద మూల్యము పుచ్చుకొనుచున్నారు.

ఇదియు గాక, తెరలోనికి వచ్చు బొమ్మ ఎట్టిది? పల్లెలలో కేబులు ద్వారా గాని, డీ.డీ. ఫ్రీడిష్ ద్వారా గాని వచ్చు ఛానళ్లలో అనేకములు 576 గీతల బొమ్మలే. మరల తూము సంగతియే వచ్చినది. కావున మీ వసారాలో మంచమునుండి గోడవరకు టేపుతో కొలిచి, ఆ యంకెతో అంగడికి పొండు. ఎనిమిది, పది యడుగుల యింటికి మధ్యతరగతి తెర చాలును. కంప్యూటరువలె దగ్గర కూర్చుండి చూచువారికిని, అరువదియైదు అంగుళములు కొనువారికిని లెక్క వేరు. అచ్చట సూక్ష్మత నిజముగా కనబడును.

టీవీ ప్రస్తావన వచ్చినది గనుక మన పూర్వపు జిల్లావాని నొకరిని స్మరింపవలయును. భీమవరము సమీపమున మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, 1967లో హైదరాబాదున నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సారథ్యము వహించిరి. ఆ సంస్థ "ఈసీ టీవీ" ఒకప్పుడు తెలుగునాట ఎన్నియో వసారాలలో వెలిగినది. ఆనాడు టీవీ యొక స్థిరాస్తివలె నుండెను. దానికి తలుపులు గల పెట్టెయు, తాళమును. నేడు తెర చవకపడినది, ఆయుర్దాయమును తగ్గినది. నేటి స్మార్ట్ టీవీలో తెర పదేండ్లు పనిచేసినను, లోపలి సాఫ్ట్‌వేరు నాలుగైదేండ్లకే వెనుకబడుచున్నది. ఖరీదైన టీవీకిని ఈ రోగమే గలదు. అప్పుడు రెండు మూడు వేల స్టిక్కును తగిలించుకొనిన చాలును; టీవీని మార్చనక్కరలేదు.

ఇంతవరకు చవక పక్షము వాదించితిని. ఇక రెండవ పక్షము.

గోడకరెంటును నేరుగా తాకు వస్తువుల విషయమున నా యభిప్రాయము పూర్తిగా భిన్నము. ఫోను ఛార్జరును తీసికొనుడు. దానిలో ఒకవైపు 230 వోల్టులు, మరియొకవైపు 5 వోల్టులు. నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు. ఆ రెండు వైపులకును తీగల సంబంధము లేదు. అయస్కాంత ప్రభావముచేతనే శక్తి ఇటునుండి అటు పోవును. నియమానుసారముగా చేసిన ఛార్జరులో రెండు వైపుల నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీయు, పొరలు పొరలుగా బందోబస్తును ఉండును. పేరు లేని నలుబది రూపాయల ఛార్జరులో ఆ ఖాళీయే మిగుల్చుకొన్న సొమ్ము. వానకాలపు చెమ్మలోనో, వేడిమికో ఆ పలుచని యడ్డు తెగినచో, చెవికి ఆనించుకొన్న ఫోనులోనికి గోడకరెంటే వచ్చును. ఇచ్చట హద్దు యంత్రములోపలనే యున్నది. దానికి ఆవలివైపున మన ప్రాణమున్నది.

మా వీధిలో ఒక యింట తిరునాళ్లలో కొన్న ఛార్జరును రాత్రి పరుపుమీదనే విడిచి నిదురించిరి. అది కాగి, కరగి, దుప్పటి నంటుకొన్నది. వాసనకు ముసలమ్మ మేల్కొనుటచేత ప్రక్కనున్న మనుమరాలు బ్రతికినది. ఆ యింటి గోడకు అప్పుడు యాబదివేల రూపాయల టీవీ వ్రేలాడుచుండెను! మరునాడు ఎలక్ట్రీషియను వచ్చి చూడగా సాకెట్టు మూడవ రంధ్రమునకు ఎర్తు తీగయే లేదు. ధనము లేక కాదు. ధనము కనబడుచోట పెట్టుటచేత కనబడనిచోటికి మిగులలేదు.

కావున నేను సలహా అడిగినవారికి మొదట చెప్పునది ఇది. ఇంటికి ఎర్తు సరిగా నున్నదా? మీటరు ప్రక్కన ఆర్.సి.సి.బి. యున్నదా? 30 మిల్లీయాంపియర్ల కరెంటు ప్రక్కదారిన, అనగా మనుష్యుని శరీరముగుండ, పోవుట గ్రహించి తృటిలో సరఫరాను తెంచు మీట యిది. టీవీలో ఒక మెట్టు దిగి, ఆ మిగిలిన సొమ్ముతో దీనిని పెట్టించుకొనుడు. వైర్లు, ప్లగ్గులు, స్విచ్చులు, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచు రాడ్డు, గీజరు, వీనిపై ఐ.ఎస్.ఐ. ముద్రను చూడుడు. ఛార్జర్లు, ఎల్.ఇ.డి. దీపములు, పవర్ బ్యాంకులు మొదలగు ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012లో వెలువడిన యుత్తర్వు ననుసరించి క్రమముగా నిర్బంధ నమోదు వచ్చినది. వానిపై "ఆర్" అను నక్షరమును, దానివెంట ఎనిమిది యంకెలును ఉండును. ముద్రను అచ్చువేయుట దొంగకును వచ్చును గనుక, ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. వారి "కేర్" యాప్‌లో కొట్టి చూడుడు. మనుమలకు రెండు నిముసముల పని.

ముద్ర గల వస్తువులన్నియు ఖరీదైనవను భ్రమ వలదు. అది భ్రమయని మన జిల్లాయే చూపినది. 2014-15 ప్రాంతమున, చింతలపూడి యింకను పశ్చిమ గోదావరి జిల్లాలో నున్నప్పుడు, ఇంటింటికి ఎల్.ఇ.డి. దీపముల నిచ్చు పథకము ఆంధ్రప్రదేశమున మొదట ప్రారంభించిన జిల్లాలలో మన జిల్లాయు నొకటి. పాత బల్బు తెచ్చి యిచ్చినచో పది రూపాయలకు ఒక దీపము చొప్పున రెండిచ్చిరి. 60 వాట్ల బల్బు స్థానమున 7 వాట్ల దీపము. దినమునకు అయిదు గంటలు వెలిగినచో ఒక్కొక్క దీపమునకు ఏటికి సుమారు 96 యూనిట్లు మిగులును. టెండరులో ఆ దీపమునకు ప్రభుత్వ సంస్థ చెల్లించిన ధర 2014 ఆరంభమున 310 రూపాయలు; 2016 నాటికి 38 రూపాయలు. నాణ్యపు కొలతలను ముందే విధించి, చెడినచో మార్చి యియ్యవలయునను కట్టుబాటుతో, కోట్ల సంఖ్యలో ఒక్కమారు కొనుటచేత వెల దిగినది. లోపలి వస్తువు తీసివేసి వెల తగ్గించుట వేరు. అధికసంఖ్యలో చేసి వెల తగ్గించుట వేరు. మొదటిది మోసము, రెండవది పరిశ్రమ.

ఫ్యాను విషయమున చవకయే ఖరీదగు చమత్కారమొకటి గలదు. పాతరకపు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తినును. బి.ఎల్.డి.సి. అను క్రొత్తరకము 30 వాట్లతోనే అంత గాలి నిచ్చును. దానికి వేయి, పదునైదువందల రూపాయలు అధికము. దినమునకు 12 గంటల చొప్పున ఏటికి 300 దినములు తిరిగినచో 162 యూనిట్లు మిగులును. యూనిట్టు 5 రూపాయలని వేసికొన్నచో ఏటికి 810 రూపాయలు. రెండేండ్లలో అధికమూల్యము తిరిగివచ్చును. అయితే చుట్టములు వచ్చినప్పుడే వేయు గదిలోని ఫ్యానునకు ఈ లెక్క చెల్లదు. అచ్చట పాతదే మేలు. సీలింగు ఫ్యానులకు 2023 జనవరి 1 నుండి నక్షత్రముల చీటీ తప్పనిసరి యైనది గనుక ఈ భేదము అంగడిలోనే చదువుకొనవచ్చును.

మరమ్మతును మరువరాదు. మిక్కిలి ఖరీదైన యంత్రమునకు చింతలపూడిలో విడిభాగములు దొరకవు. విజయవాడకో, హైదరాబాదునకో పంపి నెలలు కాచుకొనవలయును. ఊరంతట వాడు సామాన్యపు మిక్సీకి సంతబజారు మెకానికు సాయంకాలములోగా కార్బన్లు మార్చి యిచ్చును. ఆ మెకానికు నోట విను మాట ఏ ప్రకటనకంటెను నమ్మదగినది. "దేనికి విడిభాగములు దొరకును?" అని అతని నడిగి కొనుడు. ఇక అసలే విప్పుటకు వీలులేక అతికించి అమ్ము అతిచవక వస్తువులు, ఆరు మాసములకు చెత్తలో చేరును. చింతలపూడి చెత్తలో కొంత తమ్మిలేటి గట్టున పడుచున్నది. తమ్మిలేరు కొల్లేటిలో కలియును. అతుకులలోని సీసమును, బ్యాటరీల విషమును ఆ నీటితో పోవును. ఆ చేపను మనమే కొని తిందుము. దాని వెల ఏ బిల్లులోను కనబడదు.

అప్పులనుగూర్చి కొంచెమే చెప్పెదను. "సున్న వడ్డీ" వాయిదాలని పలకపై వ్రాసిన యంగడిలో, రొక్కమిచ్చినచో ఎంత తగ్గింతురని అడిగి చూడుడు. ఆ తగ్గింపే వడ్డీ. దానిపై ప్రాసెసింగు రుసుము వేరు. సున్న వడ్డీ యను భావనయే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు వ్రాసియున్నది. పెండ్లికై, పండుగకై పెద్ద టీవీ తెచ్చి, వాయిదా తప్పి, పిల్ల కాలేజీ రుసుమునకు చేబదులు తిరిగిన యిండ్లు నేనెరుగుదును.

కొన్న పిదప బిల్లు తీసికొనుడు. బిల్లు లేకున్న నూరు రూపాయలు తగ్గింతుమనువారు హామీని మీవద్ద నూరు రూపాయలకు తిరిగి కొనుచున్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20 నుండి అమలున నున్నది. వస్తువు చెడి, అంగడివాడు మొగము చాటువేసినచో 1915 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చును. బిల్లు సంఖ్య, తేదీ, డబ్బాపై నున్న సీరియల్ నంబరు చెంత నుంచుకొని మాటలాడుడు. వారు మొదట అడుగునవి అవియే.